సెమీఫైనల్ ముందు మధ్యాహ్నాలు

మొన్న పొద్దున కాఫీ పొడి డబ్బా మూత ఎంతకీ రాక, కొంగుతో పట్టుకుని తిప్పుతుంటే ఫోను కుయ్యిమంది. మా కాలేజీ పాత ఉద్యోగులమంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు, మన ఆడపిల్లలు బాస్కెట్‌బాల్‌లో మళ్ళీ సెమీఫైనల్‌కు వచ్చారని. వెనకే దండాలు, చప్పట్లు, బంతి బొమ్మలు వరసకట్టాయి. వాటి మధ్యలో ఒకాయన, నేనూ ఆ గ్రూపులో ఉన్నానన్న సంగతి మర్చిపోయి, "ఈసారి కూడా మధ్యాహ్నాలు బంతి చప్పుడు వినపడుతోందా?" అని అడిగాడు. ఆయన గబగబా ఆ ప్రశ్న చెరిపేశాడు కానీ, అక్కడేదో రాసి చెరిపేశారన్న ముక్క మాత్రం అందరికీ కనపడుతూనే ఉంది. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఊళ్ళో అందరికీ ఉన్న అనుమానమే ఆయనా అడిగాడు. ఆ వారం సంగతి ఊరికి తెలిసింది సగమే. మిగతా సగం ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు పోయిన ఏడాది కాలం చేశారు కనుక ఇక నేను చెప్పినా ఆయనకు వచ్చే నష్టమేమీ లేదు.

మాది మాచర్ల. ఇక్కడ ఎక్కడ గడ్డపార దించినా రాయే తగులుతుంది. ఇంటి నేలకు నాపబండలు, ప్రహరీకి నిలువు బండలు, పశువుల కొట్టంలో బండలు, చివరికి పోయినవాళ్ళ మీద కప్పడానికి కూడా బండలే. అందుకని మా కాలేజీకి బాస్కెట్‌బాల్ కోర్టు కావాలన్నప్పుడు సిమెంటు మాట ఎవరికీ తట్టనేలేదు. బండల ఫ్యాక్టరీల వాళ్ళు తలా ఒక లారీ బండలు దింపిపోయారు. మా పెదనాన్న నెల రోజులు గొంతుక్కూర్చుని పరిచాడు. పెదనాన్న అంటే నాకు రక్తసంబంధం కాదు. మా వెనక వీధి ఆయన. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆయన ఏటా తిరునాళ్ళకు ప్రభ కట్టేవాళ్ళలో ఒకడు. అయినా నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన పెదనాన్నే. బండలు పరచడంలో ఆయనకో పద్ధతి ఉండేది. ఒక్కో బండా పరిచాక సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, అరచెయ్యి ఆనించి, తల పక్కకు వాల్చి వినేవాడు. కింద మట్టి సరిగ్గా కూరుకుంటే గట్టి, లేకపోతే డొల్ల. డొల్ల అని ఆయన నోట వచ్చిందంటే ఇంటివాళ్ళు ఎంత తొందరపెట్టినా ఆ బండ మళ్ళీ లేవాల్సిందే. కోత మిషన్ల మోతలో మాటలు వినపడవు కదా, అందుకని మా ఊరి రాతిపనివాళ్ళంతా పిడికిలి మూసి చూపిస్తే గట్టి, అరచెయ్యి విప్పి చూపిస్తే డొల్ల. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సైగ అది.

అలాంటి కోర్టు మీద ఆడటం బయట జట్లకు మహా చిరాకు. గుంటూరు వైపు నుంచి వచ్చే పిల్లలు బూట్లు జారుతున్నాయని, బంతి ఒక్కోచోట ఒక్కోలా లేస్తోందని, ఇదేమైనా కోర్టా కల్లమా అని మొహాలు చిట్లించుకునేవారు. మా పిల్లలకు మాత్రం ఏ బండ మీద బంతి ఎంత ఎత్తు లేస్తుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. బండ మీద బంతి కొడితే ఆ చప్పుడు బస్టాండు దాకా వినపడేది. నేను ఆ కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు తీసిచ్చే ఉద్యోగం చేసేదాన్ని. నా బల్ల పక్క కిటికీలోంచి చూస్తే ఎదురుగా కోర్టు. మా అమ్మాయి అక్కడే డిగ్రీ చదివింది, అక్కడే ఆడింది. ఫ్రీ త్రో వేసేముందు దానికో అలవాటు. బంతిని ఒకటి, రెండు, మూడుసార్లు నేలకు కొట్టేది. ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగేది. తర్వాత వేసేది. పడితే పడేది, లేకపోతే లేదు కానీ, ఆ మూడూ మాత్రం తప్పేవి కావు. నేను తలెత్తకుండా రిజిస్టరు రాసుకుంటూనే చప్పుడును బట్టి ఇది మా పిల్ల అనుకునేదాన్ని. చూడటానికి వచ్చినవాళ్ళు కూడా పెద్దగా లెక్కపెట్టేవాళ్ళు. రెండో ఏడాది చదువుతుండగా దానికి జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు. ఎనిమిదో రోజున గుంటూరు ఆసుపత్రి నుంచి తీసుకొచ్చుకున్నాం. పంతొమ్మిదేళ్ళు నిండి నెల కాలేదు. సమాధి మీద బండ పెదనాన్నే పరిచాడు. కూలి మాట ఎత్తనివ్వలేదు. పరిచాక అలవాటు ప్రకారం మూడు దెబ్బలు కొట్టి, చెయ్యి ఆనించి, తల వాల్చి విన్నాడు. విని, నా వైపు చూసి పిడికిలి మూసి చూపించాడు. అది చూసి నాకు కాళ్ళ కింద భూమి ఉన్నట్టు లేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు మా కాలేజీ ఆడపిల్లలు మొదటిసారి సెమీఫైనల్‌కు వచ్చారు. ఆ మ్యాచ్ వేరే ఊళ్ళో జరగాల్సింది. అక్కడి కోర్టేదో పాడైందని మా కాలేజీకి మార్చారు. శనివారం సాయంత్రం నాలుగింటికి ఆట. అంతకుముందు ఆదివారం ఆ కబురు తెలిసిందో లేదో, మా ఊరికి పూనకం వచ్చింది. ఫ్యాక్టరీల వాళ్ళు శనివారం మూడు నుంచి ఆరు దాకా పాలిషింగ్ మిషన్లు ఆపేస్తామని మాటిచ్చారు. ఊళ్ళో ఎవరి పెళ్ళికీ వాళ్ళు ఆపింది లేదు. రిటైరైన హిందీ మాస్టారు, ఇంతవరకూ బుట్టలో బంతి పడితే "గోల్" అనే మనిషి, గెలిస్తే మీసం తీయించుకుంటానన్నాడు. ఆయన మీసానికీ ఆటకూ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు. బజ్జీల బండివాళ్ళు గేటు ముందు చోటు కోసం అప్పుడే మాటామాటా అనుకున్నారు. జట్టుకు కెప్టెన్ మా పెదనాన్న మనవరాలు. పొడుగ్గా, ఎముకలు కనపడేంత సన్నగా, మాట్లాడితే తల దించుకునే పిల్ల. ఆ రోజు యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేసే పెద్దమనుషులు కూడా వస్తున్నారని ఆటల మాస్టారు చెప్పాడు. ఆ పిల్ల తండ్రి కోత మిషను మీద కూలి. ఆమె చదువు ఇంకా సాగాలన్నా, ఆగిపోవాలన్నా ఆ ఒక్క సాయంత్రం మీదే ఉంది.

చప్పుడు సంగతి మొదట చెప్పింది కాలేజీ ఊడ్చే ఆయా. పరీక్షల ముందు సెలవులు కావడంతో పన్నెండింటికి గేటు వేసేసేవారు. పిల్లలు ప్రాక్టీసుకు పొద్దునా సాయంత్రమూ వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం కాకి కూడా తిరగదు. మా పల్నాటి ఎండలో ఆ వేళ బండల కోర్టు పెనంలా కాలుతూ ఉంటుంది. ఆయా గేటు బయట చెట్టు కింద అన్నం తింటుంటే లోపల బంతి కొట్టిన చప్పుడు వినపడిందట. మూడు దెబ్బలు. ఆగింది. మళ్ళీ మూడు దెబ్బలు. ఆగింది. గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తానని చెప్పింది. మర్నాడు హిందీ మాస్టారు, టీకొట్టు ఆయన, ఇంకో పదిమంది వెళ్ళి ప్రహరీ బయట నిలబడి విన్నారు. మూడు దెబ్బలు, ఊపిరి పీల్చేంత సేపు ఆగడం, మూడు దెబ్బలు. చేతుల మీద రోమాలు లేచాయని ఒకరికొకరు చూపించుకున్నారు. వేరే ఊళ్ళో అయితే ఇలాంటిది వినపడగానే తలుపులు వేసుకుంటారేమో. మా ఊళ్ళో సంబరపడ్డారు. సెమీఫైనల్ కదా, పిల్ల ఉండబట్టలేక ప్రాక్టీసుకు వచ్చిందన్నారు. ఇక గెలుపు మనదే అన్నారు. తొంగిచూస్తే వెళ్ళిపోతుందని, ఎవరూ గోడ మీంచి చూడకూడదని వాళ్ళలో వాళ్ళే కట్టడి చేసుకున్నారు. ప్రతి ఇంట్లో ఒక రాతిపనివాడున్న ఊరు మాది. బండ మీద ఏం పడితే ఏ చప్పుడొస్తుందో పసిపిల్లను లేపి అడిగినా చెబుతుంది. అయినా ఆ వారం ఒక్కరికీ తెలియలేదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

బుధవారానికి పాతికమంది, అందులో మా ఆయన. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా బస్సుల టైములు రాసిన మనిషి కనుక చేతి గడియారం చూసుకుంటూ వినేవాడు. ఇంటికొచ్చి చెమట తుడుచుకుంటూ, "ఏమే, ఇయ్యాల పన్నెండూ ఇరవైకే మొదలెట్టింది" అన్నాడు. రెండేళ్ళలో ఆయన మొహంలో నేను చూడని వెలుగు అది. "నువ్వూ రావే" అన్నాడు. నేను పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు తల తిప్పుకున్నాను. మా పాస్టరు గారు కూడా ఊరికే అటుగా పోతూ కాసేపు నిలబడ్డారని, పోయినవాళ్ళు తిరిగిరారమ్మా అని ఎప్పుడూ చెప్పే మనిషి ఏమీ అనకుండా వెళ్ళిపోయారని విన్నాను. గేటు మీద ఫ్లెక్సీ కూడా కట్టారు. అందులో జట్టంతా ఒక మూల చిన్నగా ఉంది. మధ్యలో మా అమ్మాయి ఫోటో, మనిషంత ఎత్తున. కింద "దివ్య ఆశీస్సులతో" అని ఉంది. కెప్టెన్ మొహం మా అమ్మాయి మోచేయి దగ్గర ఎక్కడో ఉంది.

నేను వెళ్ళకపోవడానికి కారణం భక్తీ కాదు, ధైర్యం లేకపోవడమూ కాదు. అది మా పిల్లే అయితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. కాకపోతే ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు. గురువారం ఇక ఆగలేకపోయాను. లైబ్రరీ వెనక తలుపు తాళం నా దగ్గరే ఉంటుంది. పన్నెండు దాటాక ఎవరికీ చెప్పకుండా అటు నుంచి లోపలికి వెళ్ళాను. పుస్తకాల వాసన, ఉక్క, కిటికీ రెక్కల సందుల్లోంచి ఎండ. ప్రహరీ అవతల నిలబడ్డ జనం ఉన్నారో లేరో అన్నట్టున్నారు. అంతమంది ఉండీ దగ్గు కూడా వినపడలేదు. అప్పుడు మొదలైంది. మూడు దెబ్బలు. ఆగింది. మూడు దెబ్బలు. అవే దెబ్బలు, అదే ఎడం. రిజిస్టరు రాసుకుంటూ ఏళ్ళ తరబడి విన్న చప్పుడు. "వస్తున్నా తల్లీ" అని నోట్లోంచి వచ్చేసింది. తలుపు తీసుకుని కోర్టులోకి వెళ్ళాను.

కోర్టు మధ్యలో పెదనాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తలకు తడి తువ్వాలు, చేతిలో రబ్బరు సుత్తి. టైల్స్ పనులు వచ్చాక కొనుక్కున్న సుత్తి అది. బండ మీద మూడు దెబ్బలు కొట్టి, అరచెయ్యి ఆనించి ఆగుతున్నాడు. మళ్ళీ పక్క బండకు జరుగుతున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆ సుత్తి లాక్కుని ఆయన్నే కొట్టాలనిపించింది. రెండేళ్ళ కిందట ఒకసారి పోయిన పిల్ల నా కళ్ళ ముందు మళ్ళీ పోయింది. నేను వచ్చిన అలికిడికి ఆయన తలెత్తలేదు. ఎదురుగా వెళ్ళి నా నీడ బండ మీద పడితే గానీ చూడలేదు. చూసి, దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా సుత్తి వెనక్కి దాచుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకు వినపడదు. మిషన్ల మోతలో ఏళ్ళ తరబడి బతికిన చెవులు ఎప్పుడో పోయాయి. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటూ నెట్టుకొస్తుంటే, తక్కువ మాట్లాడే మనిషని మేమంతా అనుకున్నాం.

"ఎవురికీ చెప్పమాకమ్మాయ్" అన్నాడు. తన గొంతు తనకు తెలియదు కనుక, ఎక్కడ పెద్దగా వస్తుందోనని గొణిగినట్టే మాట్లాడేవాడు. "చెవిటోడని తెలిస్తే బండలకెవురు పిలుస్తారు? పిల్ల చెప్పింది, గీత కాడ బంతి లేవట్లేదంట. కాలి కింద ఏందో కదిలినట్టుంటదంట. డొల్లైతే మోకాలు పోద్ది. పరిచింది నేను గదా." ప్రహరీలో వెనక వైపు కదిలే బండ ఏదో ఆయనకు తెలుసు, అక్కడి నుంచి వస్తున్నాడట. మంగళవారం నుంచి వస్తున్నానన్నాడు. ఆయా విన్నది సోమవారం అని అందరూ చెప్పుకున్నారు, కానీ ఆమెకు వారాలు ఎప్పుడూ సరిగ్గా గుర్తుండవు.

ఫ్రీ త్రో గీత దగ్గరికి తీసుకెళ్ళి, ఒక బండ మీద తడి తువ్వాలు పరిచి, నా చెయ్యి పట్టి దాని మీద పెట్టించాడు. "ఇంతకముందు చెవితో ఇనేవాణ్ణి. ఇప్పుడు చేత్తో చూస్తన్నా. ఇది ఒక్కటే తేలట్లా. మూడు కొడతన్నా, మూడు వస్తన్నయ్. డొల్ల తిరిగి కొడతది, నిజమే. ఇట్టా ఆగి ఆగి లెక్కగా కొట్టదు. నా చెయ్యే ముసలిదైందో ఏందో. నువ్విని చెప్పు" అన్నాడు. సుత్తితో మూడుసార్లు కొట్టాడు. చప్పుడు డబ్‌మని, కుండ మీద కొట్టినట్టు వచ్చింది. డొల్లేనని నా చెవి వెంటనే చెప్పింది. తర్వాత, ఒక ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగాక, నా అరచేతి కింద మెత్తగా ఒకటి, రెండు, మూడు. కడుపులో ఉన్నప్పుడు పిల్ల తన్నినట్టే ఉంది. పెదనాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. గట్టా, డొల్లా అని కళ్ళతోనే అడుగుతున్నాడు. డొల్ల అంటే ఆ బండ లేపేస్తాడు. నేను పిడికిలి మూసి చూపించాను. ఆయన నమ్మాడు. నమ్మకుండా ఉండటానికి ఆయన దగ్గర వేరే చెవి ఏదీ లేదు. "పోనీలే" అని తేలిగ్గా నవ్వి, సుత్తి చంకలో పెట్టుకుని వెనక సందు వైపు వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది నేను ఇంతవరకూ మా ఆయనకు కూడా చెప్పలేదు. పెదనాన్న వెళ్ళాక ఒక్కదాన్నే అక్కడ కూర్చున్నాను. ఏమీ కొట్టలేదు. చెయ్యి మాత్రం ఆనించాను. ఎండకు కోర్టంతా కళ్ళ ముందు అలల్లా ఆడుతోంది. వేపచెట్టు ఆకు కదలడం లేదు. ఫ్లెక్సీ వెనక వైపు నుంచి మా అమ్మాయి మొహం అద్దంలోలా కుడిఎడమలు మారి కనపడుతోంది. కాసేపటికి కింద నుంచి మూడు వచ్చాయి. ఆగాయి. మళ్ళీ మూడు వచ్చాయి. రోడ్డు మీద రాళ్ళ లారీ వెళ్ళిందేమో. మా రోడ్డు మీద రాళ్ళ లారీలు ఎప్పుడూ వెళుతూనే ఉంటాయి, అవి వెళ్ళినప్పుడల్లా ఇళ్ళలో గిన్నెలు కూడా కదులుతాయి. అప్పుడు లారీ వెళ్ళిందో లేదో నేను చూడలేదు. చూడదలచుకోలేదు కూడా. చెయ్యి కాలి బొబ్బ ఎక్కేదాకా అక్కడే ఉన్నాను. ఆ మధ్యాహ్నం నేను సుఖంగా ఉన్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పెదనాన్న మనవరాలు మా ఇంటికి వచ్చింది. మా ఆయన బయటికి వెళ్ళాడు. గడప మీద కూర్చుని, కాలి బొటనవేలితో నేల గీరుతూ అడిగింది.

"అత్తా, వదిన నంబరు చొక్కా నన్నేసుకోమంటన్నారు. ఏసుకోనా?"

"నీకు ఏసుకోవాలనుందా?"

తల అడ్డంగా ఊపింది. "గీత కాడ నిలబడాలంటే భయమేస్తంది అత్తా. వదిన నిలబడే చోటంట. వదినే ఏస్తది, వదినే గెలిపిస్తది అంటన్నారు అందరూ. మరి నేనెందుకు? కాలి కింద కదులుతందని చెప్పినా ఎవురూ ఇనట్లా. తాత ఇయ్యాల మళ్ళా చూశాడంట, గట్టిగానే ఉందన్నాడు. అయితే కదిలేది బండ కాదన్నమాట." ఆ చివరి మాట చెబుతున్నప్పుడు పిల్ల పళ్ళు టకటకమన్నాయి. ఎండాకాలం సాయంత్రం అది, గోడలు కూడా వేడి కక్కుతున్నాయి.

ఆ పిల్ల మోకాళ్ళ వంక చూశాను. సన్నగా, ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళు దానికి కూడా. నేను మూసి చూపించిన పిడికిలి మీదే ఎల్లుండి ఆ కాళ్ళు దూకి దిగబోతున్నాయి. సిగ్గేసింది. కొంగు తలమీద వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, వెనక వీధికి నడిచాను. పెదనాన్న గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదుట నిలబడి, బొబ్బలెక్కిన అరచెయ్యి విప్పి చూపించాను. డొల్ల. ఆయన కాసేపు నా చేతి వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూశాడు. ఎందుకు అబద్ధం చెప్పావని అడగలేదు. ఆ సమాధి బండ పరిచింది ఆయనే కదా. "పొద్దున్నే లేపుదాం" అని మాత్రం అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆయన ఇద్దరు పనివాళ్ళతో గడ్డపారలు పట్టుకుని రాగానే ఊరు కోర్టు చుట్టూ మూగింది. ఆ గీత దగ్గరి బండ కదపడానికి వీల్లేదన్నారు. పిల్ల నిలబడే చోటు తవ్వేస్తారా అన్నారు. హిందీ మాస్టారు బండ మీద ఏకంగా కూర్చున్నాడు. "ఎవురు లేపమన్నారు?" అని మా ఆయన అరిచాడు. పెదనాన్నకు వినపడలేదు. వినపడలేదని తెలిస్తే ఆయన రహస్యం బయటపడుతుంది. అందుకని నేనే ముందుకు వెళ్ళి, "నేను" అన్నాను. "నాకు ఇష్టం లేదు. మా పిల్ల చప్పుడు మీరంతా గోడవతల నిలబడి వినడం నాకు ఇష్టం లేదు. లేపమన్నాను." కన్నతల్లి మాట కనుక హిందీ మాస్టారు కూడా లేచి పక్కకు జరిగాడు. మా ఆయన నా వంక చూసిన చూపు మాత్రం నేను మర్చిపోలేను. "ఏమే, ఆ పిల్ల మళ్ళా వచ్చిందే. ఈ ఒక్కసారి ఉండనియ్యరాదంటే?" అన్నాడు. అంత జనంలో, చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ అన్నాడు. ఆయనకు నిజం చెప్పాలంటే పెదనాన్న చెవుల సంగతి చెప్పాలి. చెప్పలేదు.

బండ లేచింది. కింద మోచెయ్యి లోతున ఖాళీ. వానలకు మట్టి ఎటో కొట్టుకుపోయి, బండ అంచుల మీద మాత్రమే ఆగి ఉంది. దాని అడుగున అడ్డంగా చీలిక. నేను వంగి లోపల చెయ్యి పెట్టాను. అంత ఎండలో అక్కడ చల్లగా ఉంది, నూతిలో గాలిలాగా. ఇంకేమీ లేదు. పెదనాన్న కొత్త మట్టి దిమ్మిసతో కొట్టి, రాతిపొడి కూరి, వేరే బండ పరిచి, మూడు దెబ్బలు కొట్టాడు. నా చెయ్యి పట్టి ఆనించాడు. నేను ఎంతసేపు ఉంచానో నాకు తెలియదు. ఆయన ఓపిగ్గా కూర్చున్నాడు. ఏమీ రాలేదు. పిడికిలి మూసి చూపించాను. ఈసారి నిజమే చెప్పాను.

శనివారం ఆట గురించి ఊరు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటుంది కనుక నేను కొంచెమే చెబుతాను. మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దానికి ఊరు వేరే ఊరులా ఉంది. చివరి నిమిషంలో మేం ఒక్క పాయింటు వెనకబడి ఉండగా మా కెప్టెన్‌కు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. వేసుకున్నది తన నంబరు చొక్కానే. గీత దగ్గర నిలబడింది. జనమంతా, అందులో మా ఆయన కూడా, "ఒకటీ" అని మొదలుపెట్టారు. పిల్ల బంతిని ఒక్కసారే నేలకు కొట్టి వేసేసింది. బంతి రింగులో పడేసరికి జనం నోట్లో "రెండూ" సగంలో ఆగిపోయింది. రెండోసారి ఎవరూ లెక్కపెట్టలేదు. అదీ పడింది. గెలిచాం. కోర్టు చుట్టూ ఉన్న వెయ్యి గొంతులూ ఒక్కసారిగా లేచి మా అమ్మాయి పేరు అరిచాయి. ఆ పిల్ల గీత దగ్గరే చేతులు వేలాడేసి నిలబడిపోయింది. గెలిపించిన మనిషి మొహం అలా ఉండకూడదు. అప్పుడు నేను కుర్చీ మీదకెక్కి, గొంతు చిరిగేలా, ఆ పిల్ల పేరు పెట్టి అరిచాను. మా అమ్మాయి పేరు అరుస్తున్న వెయ్యిమందికి ఎదురు, దాని తల్లిని నేనొక్కదాన్నే. ఆ పిల్ల తల తిప్పి నా వైపు చూసింది. అప్పుడు నవ్వింది.

ఫైనల్లో చిత్తుగా ఓడిపోయాం. హిందీ మాస్టారు దాన్ని అడ్డం పెట్టుకుని మీసం దక్కించుకున్నాడు. బండ లేపకుండా ఉంటే ఫైనల్ కూడా గెలిచేవాళ్ళమని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నా ముందు అనరంతే. మనవరాలిని యూనివర్సిటీ జట్టుకు తీసుకున్నారు. ఇప్పుడు నరసరావుపేటలో ఒక స్కూల్లో ఆటల టీచరు. పెదనాన్నను చివరిదాకా బండలకు పిలుస్తూనే ఉన్నారు, పక్కన నేను సరదాగా వచ్చి కూర్చున్నట్టు కూర్చుని పిడికిలో అరచెయ్యో చూపిస్తుండేదాన్ని. మా ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు గడియారం చూసుకుని, అన్నం టైమైంది గదా అన్నాడు. ఆ మాటతోనే మా ఇంట్లో మళ్ళీ పొద్దు పొడవడం, పొద్దు గుంకడం, వారం తిరగడం, ఏడాది గడవడం మొదలైంది. అంతకుముందు రెండేళ్ళూ కాలం మా ఇంట్లో ఆ జ్వరం ఎనిమిదో రోజు దగ్గరే ఆగి ఉండేది. దాన్ని నా చేత్తోనే కదిలించాను. తప్పు చేశానని అనుకోను. కానీ ఆగిపోయి ఉన్న ఆ కాలంలో నా బిడ్డ ఉండేది.